అవ్వ ఘటానికి పోసిన మొలకల మందు

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, చెప్పులతో కలిపి. తొంభైల చివర్లో బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. నా తర్వాత పీరియడుకు వచ్చే లెక్కల సారు బోర్డు తుడిచే పని పెట్టుకునేవాడు కాదు. పై సగం ఎలాగూ ఖాళీగానే ఉండేది, ఆయన పని దాంతో గడిచిపోయేది. అలాంటి నేను పిహెచ్‌డికి ఎంచుకున్న విషయం ఏమిటంటే, మొక్కల్ని ఎత్తు పెంచే స్టెరాయిడ్ హార్మోన్లు. హైదరాబాద్‌లో మా గైడు ఆ మాట విని నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు. ఆ చూపుకు పెద్దగా సమయం పట్టలేదు.

మా ఊరు కోటగిరి పక్కన, కాలువ కింద. చెరుకు, వరి తప్ప వేరే ముచ్చట ఉండదు. నా చదువు సంగతి చెప్పినప్పుడు మా బాపు చేతిలో పార పక్కన పెట్టి మరీ విన్నాడు.

"పెరిగే మందు మీద సదువుతున్నవా?"

"అవును బాపు."

"మరి మొదలు నువ్వు తాగి సూడరాదుర?"

పక్క చేనువాళ్లు విన్నారు. వారం తిరక్కుండా ఊళ్లో నా పేరు 'పెరుగుడు మందు సారు' అయింది. పొట్టివానికి పుట్టెడు బుద్ధులని ముందే సామెత ఉంది, ఆ పుట్టెడులో ఇది ఒకటి అనుకుని ఊరుకున్నాను.

స్టెరాయిడ్ అంటే జనానికి కండలు తిరిగిన పహిల్వాన్లు గుర్తొస్తారు. మొక్కల్లోనూ ఆ కుటుంబానికి చెందిన పదార్థం ఉందని మొదట బయటపడింది ఆవజాతి మొక్క పుప్పొడిలో. క్వింటాళ్ల పుప్పొడిని వడగట్టి వడగట్టి, చివరికి శాస్త్రవేత్తలు పట్టుకున్నది గోటి మీద పెడితే కనబడనంత. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేయొచ్చు గానీ, ఆ ఎలుక మామూలుది కాదు. అది తయారు చేసుకోలేని మొక్క మరుగుజ్జుగా ఉండిపోతుంది. చీకట్లో మొలిచిన గింజ వెలుతురు వెతుక్కుంటూ పాలిపోయి పొడుగ్గా సాగుతుంది కదా, ఈ హార్మోను లేని మొలకకు అదీ చేతకాదు. చిమ్మచీకట్లో కూడా ఎండలో ఉన్నట్టే భ్రమపడి, పొట్టిగానే ఆకులు విప్పుకుని కూచుంటుంది. ఆ సంగతి చదివినప్పుడు ఆ మొలక మీద నాకు బంధుప్రేమ లాంటిది కలిగింది. బహుశా ఆ ప్రేమతోనే ఆ సబ్జెక్టు తీసుకున్నాను.

నా ప్రయోగం వినడానికి సులువు. వరి మొలకలో ఆకు, కాడను అంటుకునే చోట చిన్న కీలు ఉంటుంది. ఆ ముక్క కోసి మందు కలిపిన నీళ్లలో తేలేస్తే, మందు ఎంత ఉంటే ఆకు అంత వంగుతుంది. ఆ వంపు కొలవాలి. కాలేజీలో పరికరాలు లేవు కాబట్టి పదో తరగతి పిల్లల కంపాస్ డబ్బాలోని కోణమానినితో కొలిచేవాణ్ణి. చీకటి గది కావాలి కాబట్టి నా అద్దె ఇంటి స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కొట్టాను. రోజూ పొద్దున నేను తుండుగుడ్డ కట్టుకుని వీధి బోరింగు దగ్గర స్నానం చేసేవాణ్ణి, లోపల వరి మొలకలు సుఖంగా ఉండేవి. ఇంత చేస్తే, మందులో వేసిన ఆకులూ వంగాయి, ఉట్టి నీళ్లలో వేసినవీ వంగాయి. గైడు కాగితాలు తిరగేసి, "మీ వరి నీళ్లకే వంగుతోందేమిటండీ? చాలా వినయం గల వరిలా ఉందే" అన్నారు. మళ్లీ చేశాను. ఈసారి మందులో వేసినవి కూడా వంగలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను బోధన్ నీళ్లను, కరెంటు కోతను, చివరికి స్నానాల గదిలో తిరిగే బల్లిని కూడా నిందించాను.

ఇదంతా నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ ఏడు మా ఇంట్లో అసలు భయం వేరే ఉంది.

మా దగ్గర అవ్వ అంటే అమ్మే. మా అవ్వకు యాభై దగ్గరపడుతున్నా నెలసరి ఆగలేదు సరికదా, మొదలైతే ఆగడం మానేసింది. నెలలో ముప్పాతిక రోజులు రక్తం పోతూనే ఉన్నా ఎవరికీ చెప్పలేదు. చెరుకు చేలో కలుపు తీస్తూ కళ్లు తిరిగి పడిపోయాక బయటపడింది. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. గర్భసంచిలో గడ్డలున్నాయంది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందంది. సంచి తీసేయాలి, దీపావళి దాటనివ్వొద్దంది. ఇలాగే పోనిస్తే ఒకరోజు పడిన మనిషి లేవదని కూడా చెప్పింది. "ఇవి హార్మోను మీద బతికే గడ్డలండీ. అది ఉన్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి" అని నా వైపు తిరిగింది, చదువుకున్న కొడుకు కదా అని.

ఆ హార్మోను కూడా స్టెరాయిడే. లోకంలో ఇన్ని పదార్థాలుండగా నా సబ్జెక్టే పోయి మా అవ్వ కడుపులో కూచుంది. నేను అంతా అర్థమైనట్టు తలాడించాను. 

అవ్వ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూచున్నాక, "ఘటం సూసి చెప్త" అంది. బాపు ముందు సీటు కడ్డీ మీద తల ఆనించుకున్నాడు.

మా అవ్వ పుట్టిల్లు మంజీర అవతల, మరాఠీ మాట్లాడే ఊరు. దసరా తొమ్మిది రోజులు ఘటం పెట్టే ఆచారం ఆమెతోనే మా ఇంటికొచ్చింది. వెదురు గుల్లలో, అంటే చిన్న బుట్టలో, చేను మట్టి పోసి, గోధుమలూ జొన్నలూ చల్లి, నడుమ నీళ్లు నింపిన మట్టికుండ పెడతారు. కుండలోంచి ఊరే చెమ్మకే గింజలు మొలవాలి. దేవుని అర్రలో నూనె దీపం తప్ప వేరే వెలుతురు ఉండకూడదు, ఆ దీపం ఆరకూడదు. దసరా నాటికి మొలకలు పసుపు రంగులో జానెడు లేచి నిటారుగా నిలబడితే ఇంటికి మేలు. గిడసబారినా, వాలిపోయినా కీడు. మా ఇంట్లో బోరు వేయించాలన్నా, అక్కకు సంబంధం చూడాలన్నా అవ్వది ఒకటే మాట, ఘటం చూసి చెప్తానని.

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నేను ఆమెకు జ్ఞానబోధ చేయబోయాను. "అవ్వా, చీకట్ల ఏ గింజైన పొడుగే సాగుతది. దేవుని మహిమ ఏం లేదు. గది హార్మోను" అన్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మరి గా హార్మోనును ఎవ్వరు వెట్టిన్రు?" అంది. ఆ ప్రశ్న నా సిలబస్‌లో లేదు.

ఆ ఏడు నవరాత్రులు వచ్చేసరికి అవ్వకు మళ్లీ రక్తం పోవడం మొదలైంది. ముట్టులో ఉన్న మనిషి దేవుని అర్రలో అడుగు పెట్టకూడదు, ఘటాన్ని తాకకూడదు. పెళ్లయిన నాటి నుంచి ఒక్క ఏడు తప్పకుండా పెట్టిన మనిషి, తన ప్రాణానికి సంబంధించిన మాట ఘటాన్ని అడగాల్సిన ఏడే దాన్ని ముట్టుకోలేకపోయింది. అక్క తన అత్తగారింటి పండుగ వదిలి రాలేదు. బాపు చేతుల్లో కుండ పెడితే పగలడం ఖాయం. ఇక మిగిలింది దసరా సెలవులకొచ్చిన నేను.

"దేవుడు లేడన్నోని శేతుల దేవుణ్ణి వెడుతున్నవా?" అన్నాడు బాపు.

"వానికి మొలకల పని తెలుసు" అంది అవ్వ.

అలా జీవితంలో మొదటిసారి నా అర్హత చూసి నాకొక ఉద్యోగం వచ్చింది. అవ్వ అర్ర గడప బయట గోనెపట్టా పరుచుకుని కూచుంది. అక్కడ్నుంచే హుకుంలు. మట్టి గట్టిగా అదమకు. గోధుమలు అంచున చల్లు, జొన్నలు నడుమ. కుండ మూతికి తమలపాకులు అట్ల గాదు, ఇట్ల. రోజుకొక పూలదండ కట్టి ఘటం మీద వేలాడదీయాలి. నేను కట్టిన మొదటి దండ ఒకవైపు నుంచి మొదలై ఇంకోవైపుకు చేరకుండానే ఊడిపోయింది. దీపంలో నూనె పోయబోయి వత్తిని ముంచి ఆర్పేశాను. మళ్లీ వెలిగించేదాకా అవ్వ కళ్లు మూసుకుని కూచుంది, చూడనట్టు. చూడకపోతే ఆరనట్టే లెక్క అని తర్వాత చెప్పింది.

మొలకలు ముక్కులు పొడిచిన సాయంత్రం, అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"నీ తాన గా మొలకల మందు ఉన్నదా?"

ఉంది. గైడు చిన్న సీసాలో ఇచ్చిన మసక లాంటి తెల్లటి పొడి, స్పిరిట్‌లో కరిగించి పెట్టుకున్నాను. పోతుందేమోనన్న భయంతో సెలవుల్లో కూడా సంచిలో వేసుకుని తిరిగేవాణ్ణి.

"జర ఘటంల పొయ్యి" అంది.

 "గట్లైతె గది దేవుని మాట ఎట్లైతదవ్వా? నా మందు మాట అయితది గద."

"దేవునికి మొక్కుతం, దవాఖానల సుయ్యి గూడ ఏపిచ్చుకుంటం. రెండు జేస్తలేమా? నీకు గా సదువు ఇచ్చింది గూడ ఘటంల ఉన్న గాయమ్మనే." కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకు బాగ భయమైతుంది బిడ్డా. కడుపు కోస్తరంటె నిద్ర వస్తలేదు. మొలకలు మంచిగ లేస్తె జర ధైర్నం జేసుకుని పోత. ఏడ గిడసబారుతయో అని రోజు పానం కొట్టుకుంటున్నది" అంది.

అవ్వ భయమని నోటితో అనడం నేను అంతవరకు వినలేదు. పాము కాటేసిన ఎద్దును పట్టుకుని రాత్రంతా నిలబడిన మనిషి ఆమె. నాకు ఏడుపొచ్చింది. దానితోపాటు, దాచుకోవడం దేనికి, కొంచెం గర్వం కూడా వచ్చింది. ఇన్నేళ్లలో నా శాస్త్రం ఒకరికి కావాల్సి వచ్చింది. గైడు అడగలేదు, కాలేజీ అడగలేదు, మా అవ్వ అడిగింది. ఉన్న ఛాతీని ఉన్నంతవరకు విరుచుకున్నాను.

"గది మొలక లోపటికి పోయి పెంచుతదా?" అని అడిగింది.

"లోపటికి పోదవ్వా, గదే కథ. మన పానంల ఉండే గసొంటి మందు సీదా లోపటికి పోతది. మొక్కలల్ల గట్ల గాదు, గడప తాన్నే ఆగుతది. గడప మీద ఒకామె తల బయట వెట్టి, కాళ్లు లోపట వెట్టి కూసుంటది. మందు వచ్చి ఆమె చెయ్యి వడతది. ఆమె పక్కన ఇంకొకామె ఉంటది. ఇద్దరు కలిసి లోపటికి సైగ జేస్తరు."

"సైగ జేస్తె?"

"లోపట ఒక అత్త ఉంటది. పెరుగుమని హుకుం ఇచ్చేటోళ్లను నడిమింట్లకు పోనియ్యకుంట రెక్క వట్టుకుని ఆపుతది. సైగ రాంగనే అత్త చెయ్యి ఇడుస్తది. వాళ్లు నడిమింట్లకు ఉరుకుతరు. గప్పుడు మొలక పెరుగుతది."

అవ్వ నమ్మనట్టు చూసింది. "అత్త గంత జల్ది ఇడుస్తదా? మా అత్త పదేండ్లు ఇడ్వలె."

ఇదే సంగతిని నేను థీసిస్‌లో పేజీలకు పేజీలు, బాణం గుర్తులతో సహా రాశాను. ఎవరూ ఇలాంటి సందేహం అడగలేదు. ఇంకో సంగతి నాకు అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది. గడప బయట కూచుని, లోపల అడుగు పెట్టకుండా, నాతో పనంతా చేయించింది అవ్వే.

ఇక మందు పోయడం. ఈ హార్మోను పనిచేసే మోతాదు ఎంత తక్కువంటే, గంగాళం నీళ్లలో సూదిమొన తడి చాలు. ఆ సంగతి నాకు తెలుసు. పరీక్షలో అడిగితే సరిగ్గా రాస్తాను. కానీ అక్కడ ఉన్నది పరీక్ష కాదు, మా అవ్వ. మా ఇళ్లల్లో ఎవరి మీదైనా ప్రేమ ఎక్కువైతే వాళ్ల అన్నంలో నెయ్యి ఎక్కువ పడుతుంది. చెంచాడు చాలన్నా ఇంకో చెంచాడు వేస్తారు, వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదనే వేస్తారు. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే. లెక్క ప్రకారం పడాల్సింది పోశాక, గుల్ల వైపు చూశాను. ఇంకో చుక్క పోశాను. అవ్వ కోసం కదా అని మరో చుక్క.

మొదట్లో అద్భుతం. మొలకలు పొద్దున ఒక ఎత్తు, సాయంత్రానికి ఒక ఎత్తు. అవ్వ గడప దగ్గర మెడ చాచి చూసి, చెంపలు వేసుకుని, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. బాపు కూడా వచ్చి చూసి, "పనిజేస్తుందిరోయ్" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను పిహెచ్‌డి వచ్చినంత పొంగిపోయాను. అక్కడ ఆగాల్సింది. అంతటితో ఆగితే నేను నేను ఎందుకవుతాను? పనిచేస్తున్నది కదా, జానెడు దాటిద్దాం, చూసినవాళ్లు నోళ్లు తెరవాలి అనుకుని మళ్లీ పోశాను.

తర్వాత రెండు రోజులకు కాడలు లావెక్కి మెలి తిరగడం మొదలైంది. ఆకులు కీలు దగ్గర విరిగినట్టు వంగిపోయాయి. బోధన్ స్నానాల గదిలో మూడేళ్లు నేను బతిమాలినా చెప్పినట్టు వంగని ఆకులు, వంగొద్దని కోరుకున్న రోజు దేవుని అర్రలో నేల దాకా వంగాయి. కొన్ని అడ్డంగా పడుకున్నాయి. కొన్ని పురికొస పేనినట్టు చుట్టుకున్నాయి. వేళ్లు సరిగ్గా దిగక రెండు మొలకలు బోర్లా పడ్డాయి. నా జీవితంలో అంత స్పష్టంగా ఫలితం వచ్చిన ప్రయోగం అదొక్కటే. నేను దండలు దట్టంగా కట్టి వాటి వెనక మొలకల్ని దాచిపెట్టాను. దండలు కట్టడం మాత్రం అప్పటికి బాగా వచ్చింది.

దసరా నాడు పొద్దున అవ్వ తలస్నానం చేసి గడప దగ్గరికి వచ్చింది. "దండలు తియ్యి" అంది. తీశాను.

ఆమె చాలాసేపు చూసింది. మొహంలో ఉన్న కొద్దిపాటి రక్తం కూడా దిగిపోయింది. బాపు నా వైపు చూశాడు. 

"నేను దవాఖానకు రాను" అంది అవ్వ.

"అవ్వా, గది దేవుని మాట గాదు. నేనే ఎక్కువ పోసిన. గీ వంకరలన్ని నాయే. అమ్మవారు ఏం అన్లేదు" అంటూ నేను గడప ఇవతలికొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూచున్నాను.

"నువ్వు పోయకుంటె మంచిగనే లేస్తుండెనేమో" అంది. కోపంతో కాదు, మామూలుగానే అంది. అందుకే నాకు ఎక్కడో తెగినట్టయింది. అడిగింది ఆమే, నిజమే. కానీ ఎంత పోయాలో తెలిసినవాణ్ణి నేను. దీపావళిలోపు ఆమె రాకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది. అది జరిగితే కారణం ఒక సీసాలో ఉంది, ఆ సీసా నా సంచిలో ఉంది. ఆ పూట అన్నం ముందు కూచున్నాను గానీ తినలేకపోయాను.

మధ్యాహ్నం బాపు జమ్మికి పోయాడు. అవ్వ అదే గోనెపట్టా మీద కూచుని గుల్ల వైపే చూస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"గా మందు ఎక్కువైతె గిట్లైతదా?"

"అయితదవ్వా. పెరుగు పెరుగు అన్న మాట ఎక్కువైతె పెరుగుడు సక్కగుండదు. యాడ ఆగాల్నో దానికి తెల్వదు."

"నా కడుపుల గడ్డలకు గూడ గసొంటి మందే అన్నది గద డాక్టరమ్మ?"

"గా జాతిదే. నీ పానమే తయారు జేసుకుంటది. అది గడప తాన ఆగది, లోపటికే పోతది. గా గడ్డలకు ఊకె పెరుగుమనే చెప్తది."

శాస్త్రం ప్రకారం ఈ పోలిక ముప్పాతిక తప్పు. ఆమె ఒంట్లో హార్మోను పొంగిపొర్లలేదు. గడ్డలే దాని మాట మిగతా ఒంటికన్నా ఎక్కువ వింటాయి. ఆ తేడా వివరించడానికి నోరు తెరిచాను. ఎందుకో, పాఠాలు చెప్పి బతికే నేను ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను.

అవ్వ లేచి నిలబడింది. "ఘటం కదిలియ్యి" అంది.

ఘటాన్ని కదిలిస్తే పూజ ముగిసినట్టే. కుండను రెండు చేతులతో కొంచెం జరిపాను. అవ్వ గడప దాటి లోపలికొచ్చింది. రక్తం పోతూనే ఉందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కింద కూచుని, అన్నిటికంటే ఎక్కువ మెలి తిరిగిన మొలకను వేరుతో సహా పీకి, దీపం దగ్గర పెట్టి చూసింది. వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది.

"గిట్లున్నదా నా కడుపుల?"

నేను తలూపాను.

"మరి తియ్యాలె గద" అంది. అని, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను కూచుంటే ఆమె తల నా భుజానికి సరిగ్గా అందింది. బాపు జమ్మి ఆకు పట్టుకుని వచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. ఆయన గాబరాపడి, "ఏమైంది, ఏమైంది?" అంటుంటే, అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఏం గాలె. పొద్దుగాల బస్సుకు పోవాలె, బట్టలు సదురు" అంది.

ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాలన్నారు. నేను ముందుకురికి చొక్కా చెయ్యి మడిచాను. నర్సు నన్ను తూకం మిషన్ ఎక్కించి చూసి, "మీకే ఎక్కియ్యాలె సార్, దిగున్రి" అంది. చివరికి అక్క మొగుడు, మా బావ, వచ్చి ఇచ్చాడు. ఒంట్లో రక్తం పడ్డాక అవ్వ మొహం కొంచెం తేరుకుంది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆకుపచ్చ గౌను తొడిగి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకుపోతున్నారు. తలుపు దగ్గర ఆగినప్పుడు అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అరేయ్, డాక్టరమ్మ గూడ నీ లెక్క మందు ఎక్కువ పోస్తదా?"

అది హాస్యం కాదు, నిజంగానే అడిగింది. ఆమె కళ్లు చూస్తే తెలిసింది. నేను చూపించిన శాస్త్రం అదే కదా.

"పొయ్యదవ్వా," అన్నాను. "ఆమె పాసైన డాక్టరు."

అవ్వకు ఒక క్షణం పట్టింది. తర్వాత నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది, స్ట్రెచర్ తోసే ఆయమ్మ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. ఆ నవ్వుతోనే లోపలికి పోయింది.

బాపు, నేను బయట బెంచీ మీద కూచున్నాం. గోడ మీద శిశువుల పెంపకం గురించి బొమ్మలున్నాయి, వాటిని ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. ఎవరికీ చెప్పలేదు గానీ, అప్పుడు నేను దేవుణ్ణి కూడా అడిగాను.

డాక్టరమ్మ స్టీలు ట్రే పట్టుకుని బయటికొచ్చింది. తీసింది ఇంట్లోవాళ్లకు చూపించడం అక్కడి రివాజు. "ఆమె బాగుంది. చూడండి, ఇవీ గడ్డలు. చెడ్డవిగా అనిపించడం లేదు, అయినా పరీక్షకు పంపిస్తాను" అంది.  గోడ పట్టుకున్నాను. లెక్చరర్ని కదా, ఆ స్థితిలో కూడా గడ్డలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏది పెద్దది, ఏది చిన్నది అని చూస్తున్నాను. నిమ్మకాయంతది ఒకటి ఉంది. దాని మీదనే నా చూపు ఆగిపోయింది.

బాపు తలకు చుట్టుకున్న తువాల తీసి చేతిలో పట్టుకున్నాడు. వంగి, ట్రేలోకి చాలాసేపు చూశాడు.

"బిడ్డా," అన్నాడు మెల్లగా, "నువ్వు, అక్క గిండ్లనే పెరిగిన్రురా."

అప్పటిదాకా నేను గడ్డలే చూశాను. ఆయన చెప్పాక సంచి కనబడింది. చిన్నదే, మూసిన గుప్పెటకన్నా కొంచెం పెద్దది. నేను చెప్పులు విడిచాను. బాపు అప్పటికే విడిచాడు. మేమిద్దరం దండం పెట్టుకునేదాకా డాక్టరమ్మ ట్రే పట్టుకుని అలాగే నిలబడింది.